ఈతపందెమున తొలి దూకు

అనకాపల్లి యనగానే సోదరీమణులకు బెల్లము జ్ఞప్తికి వచ్చును. నూకాలమ్మవారి కొత్త అమావాస్య జాతర జ్ఞప్తికి వచ్చును. చరిత్ర చదివినవారికి శంకరముకడ బొజ్జన్నకొండపై నున్న బౌద్ధుల గుహలు జ్ఞప్తికి వచ్చును. ఈత మాత్ర మెవరికిని జ్ఞప్తికి రాదు. అట్లని మా ప్రాంతమున నీటికి కొఱత లేదు. ఊరి ప్రక్కనే శారదానది పాఱుచున్నది. చెఱకుతోటలలో వ్యవసాయపు నూతులు కలవు. 2022లో నేర్పడిన మా అనకాపల్లి జిల్లాకు పూడిమడక మొదలుగా గల సముద్రతీరము కలదు. ఇన్ని నీళ్ల నడుమ బ్రదుకుచు మా యింటి ఆడువారము మూడు తరములు ఈత నెఱుగక గడపితిమి. అట్టి యింటి పిల్ల యొకతె నేడు ఈతకొలని గట్టున దిమ్మపై నిలిచి, తల ముందుగా నీటిలోనికి దూకుట నేర్చుకొన్నది. ఆ దూకులో నెంత విద్య యున్నదో, అది మాకేమి బోధించినదో చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా చిన్నతనమున వేసవి వచ్చినదన్న మగపిల్లల కందఱకును తోటలోని నుయ్యే బడి. నడుమునకు ఎండిన ఆనపకాయ బుఱ్ఱలు కట్టుకొని యీదుట మొదటి వారము; అవి విప్పివేసి యీదుట రెండవ వారము; మూడవ వారమున నూతిగట్టునుండి దూకుట. ఇదియే వారి పాఠక్రమము. చెప్పువారు లేరు, ఒకడు దూకగా చూచి మఱియొకడు దూకెడివాడు. మే మాడపిల్లలము వారి చొక్కాలకు కావలి కాయుచు గట్టునకు దూరముగా నిలిచెడివారము. ఒకమాఱు మే మొక యడుగు ముందునకు వేయగా మా యమ్మ వెనుకనుండి వచ్చి, మణికట్టు పట్టుకొని యింటివఱకు నీడ్చుకొని పోయినది. ఆ పట్టు ఎంత గట్టిదో మే మిప్పటికిని మఱువలేదు.

మా యమ్మను తప్పుపట్టుటకు లేదు. అంతకు ముందటి యేడు వానకాలమున మా యీడు పిల్ల యొకతె బట్టలు జాడించుటకు తల్లితో ఏటికి పోయి, రేవురాతిపై కాలు జాఱి నీళ్లలో పడినది. తల్లికి ఈత రాదు. నాడు రేవులో నున్న ఆడువారిలో నెవరికిని రాదు. ఆ పిల్ల యన్నలు ముగ్గురును మంచి యీతగాండ్రే. కాని కేక వినబడునంత దూరమున లేరు. ఆ సాయంకాలము మా వీధిలో పొయ్యి రాజవేసిన యిల్లు లేదు. మఱునాటినుండి తల్లులందఱు నేకమై చేసిన శాసన మొక్కటియే: ఆడపిల్ల నీళ్ల దరికి పోరాదు. అన్నల కీత వచ్చును గదా, చెల్లెలి కేల రాలేదన్న ప్రశ్న నాడెవరును వేయలేదు. మేమును వేయలేదు. ఆ ప్రశ్న మాకు తోచుటకు ఏబది యేండ్లు పట్టినది.

2023 వేసవిలో మా చెల్లెలి కూతురు ఈత నేర్చుకొందునని పట్టుపట్టినది. దానిని మేము ముద్దుగా అమ్మడు అని పిలుచుకొందుము. అప్పటికి దానికి పదేండ్లు. విశాఖపట్టణములోని యొక ఈతకొలనున బాలికలకు వేసవి తరగతులు నడుచుచున్నవని తెలిసినది. తల్లిదండ్రు లిరువురును ఉద్యోగస్థులు. పిల్లను రైలుమీద కొనిపోయి మరల కొనివచ్చు పని, పెద్దమ్మ వరుస యగుటచేత మాకు వచ్చినది.

మా యమ్మకు ఎనుబదియేండ్లు దాటినవి. ఆమె యీ వార్త విని, “పిల్లకి ఈతెందుకే? ఈదుకుంటూ ఏ దేశం పోవాలి? ఆ బట్టలేమిటి, నలుగురిలో ఆ తడి ఒళ్లేమిటి? జరగరానిది జరిగితే ఎవరితో చెప్పుకుంటాం?” అని రెండు పూటలు అన్నము ముట్టలేదు. మేము జంకుచునే రేవులో పోయిన ఆ పిల్ల మాట యెత్తితిమి. ఆ పిల్లను చంపినది నీళ్లు గావు, ఈత రాకపోవుట. అన్నలు నేర్చినది అదియు నేర్చియుండిన నేడు మనుమల నెత్తుకొనుచుండెడిది గదా యంటిమి. అమ్మ బదులు చెప్పలేదు. మఱునాడు తెల్లవాఱుజామున లేచి చూడగా అమ్మడి సంచిలో పెరుగన్నపు గిన్నెయు, పాత నూలుచీర చించి కుట్టిన తువాలును ఉన్నవి. మా యింట అనుమతి యనగా నట్లే యుండును.

ఆ వేసవిలో పిల్ల నీటిపై తేలుట, ఊపిరి విడిచి పీల్చుట, చేతులు కాళ్లు వరుసగా నాడించుట నేర్చినది. 2024 వేసవిలో శిక్షకురాలు, “ఇక దీనిని పందెములకు పంపవచ్చును, అయితే దిమ్మపైనుండి దూకుట రావలెను” అన్నది. ఈత వచ్చిన పిల్లకు దూకుట యెంతలోనిపని యని మే మనుకొంటిమి. ఎంత యజ్ఞానమో తరువాత తెలిసినది.

స్టార్టింగు బ్లాకు అని వారు చెప్పు ఆ దిమ్మ చూచుట కేమియు గొప్ప వస్తువు గాదు. నిబంధనల ప్రకారము నీటిమట్టమునకు అర మీటరు మొదలు ముప్పాతిక మీటరు వఱకు ఎత్తుండవలెను. పైభాగము అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పునకు తగ్గరాదు. ముందువైపునకు వాలు 10 డిగ్రీలకు మించరాదు. మన వంటింటి గట్టుకంటెను తక్కువ యెత్తే. కాని దానిపై నిలిచిన పిల్ల చూచునది దిమ్మయెత్తు గాదు. తన కన్నులనుండి నీటివఱకు గల దూరమును చూచును. ఆ నీటి క్రింద పలకలు వేసిన అడుగును చూచును. ఎనిమిదవ అంతస్తునుండి చూచినట్లుండెనని అమ్మడు తరువాత చెప్పినది. మూడు దినములు వరుసగా దిమ్మ యెక్కినది, దిగినది. నాలుగవ దినమున ఏడ్చుచు దూకినది. దూకుచు తల పైకెత్తినది. పొట్ట నీటిని చఱచిన చప్పుడు గట్టున కూర్చున్న మాకు వినబడినది. ఇంటికి వచ్చిన పిదప ఎఱ్ఱబాఱిన పొట్టకు మా యమ్మ కొబ్బరినూనె రాచుచు, మా వంక చూచిన చూపును వర్ణింపజాలము.

ఆ మఱునాడు శిక్షకురాలు చెప్పిన మాట మాకు పెద్ద పాఠమైనది. “పడిపోవుచున్నప్పుడు తల పైకెత్తుట మనిషికి పుట్టుకతో వచ్చిన గుణము. నేలపై నది ముఖమును కాపాడును. నీటిలో నదియే దెబ్బ తగిలించును. తల యెత్తినచో ఱొమ్మును పొట్టయు ముందునకు వచ్చి పలకవలె నీటిపై పడును. గడ్డము ఱొమ్మునకు ఆనించినచో మేను సూదివలె దిగును. పిల్ల భయపడుట తప్పు గాదు. భయమునకు మేనిలో నొక యలవాటున్నది. ఆ యలవాటును మెల్లగా మార్చవలెను. నేను తొందరపడితిని” అని ఆమె తన తప్పు తానే యొప్పుకొన్నది. ఆ మాటతో మాకామెపై గౌరవ మినుమడించినది.

అప్పటినుండి దిమ్మను మఱచి క్రొత్తగా మొదలుపెట్టిరి. మొదట కొలని లోతైన వైపున గట్టుపై కూర్చుండి, పాదములను గోడకానించి, చేతులు రెండును చెవులకు తగులునట్లు చాచి, ఒక అఱచేతిపై నొకటి యుంచి, గడ్డము వంచి, ముందునకు ఒరిగి నీటిలోనికి జాఱుట. ఇది దూకుట గాదు, జాఱుట. ఒక వారము పట్టినది. పిదప ఒక మోకాలు గట్టుపై నానించి, రెండవ పాదపు వ్రేళ్లు అంచును పట్టుకొనునట్లుంచి ఒరుగుట. పిదప నిలిచి నడుము వంచి ఒరుగుట. పిదప కాళ్లతో నెట్టుట. అన్నిటికి చివర దిమ్మ. ప్రతి మెట్టునను అమ్మడు, “ఇంతేనా?” అన్నది. కడపటి మెట్టునకు వచ్చునప్పటికి దిమ్మకును గట్టునకును నడుమ మిగిలినది జానెడు భేదమే యని దానికి తోచినది. భయము పోయినదని చెప్పము, భయము ముక్కలైనది.

ఇచ్చట తల్లులకు ముఖ్యముగా నొక హెచ్చరిక చేయవలసియున్నది. తల ముందుగా దూకుటకు లోతు తెలిసిన నీరే కావలెను. పందెములు జరుగు కొలనులకు గూడ దిమ్మలున్న వైపున, గోడకు ఒక మీటరు దూరమునుండి కనీసము ఆఱు మీటరుల వఱకు 1.35 మీటరుల లోతుండవలెనని నియమము. అది నేర్చినవారికి చాలిన లోతు. నేర్చుకొనువారికి ఇంకను లోతు కావలెను. లోతు చాలని నీటిలో తల అడుగునకు తగిలినచో మెడయెముక విఱిగి జన్మాంతము కాలుసేతులు ఆడకుండ పోవును. ఏటిలో, కాలువలో, నూతిలో అడుగున ఱాయి యున్నదో మొద్దున్నదో కనబడదు. కావున అచ్చట తల ముందుగా దూకనీయరాదు. నాటి నూతిగట్టు బడిలో చదివిన మగపిల్లలు క్షేమముగా బయటపడుట వారి యదృష్టమే గాని విద్య గాదు.

అమ్మడిని కొలనులో దింపి గట్టున కూర్చుండిన గంటలలో మేము ఈ దూకు చరిత్రను కొంత విని, కొంత చదివి తెలిసికొంటిమి. 1896లో ఆథెన్సునగరమున మొదటి నవీన ఒలింపికు క్రీడలు జరిగినప్పుడు కొలనే లేదు. ఈతగాండ్రను పడవలలో సముద్రములోనికి కొనిపోయి అచ్చటనుండి ఒడ్డునకు ఈదుమనిరి. నీ రెంత చల్లగా నుండెననగా, రెండు పందెములు గెలిచిన హంగరీ దేశపు ఆల్‌ఫ్రెడ్ హాయోష్ ఒంటికి క్రొవ్వు పూసికొని దిగెను. పిమ్మట కొలనులు వచ్చినవి, గట్టునుండియే దూకెడివారు. ఒలింపికు క్రీడలలో దిమ్మలు మొదట కనబడినది 1936లో బెర్లినునందు.

దిమ్మ వచ్చినను చాలకాలము దూకు విధ మొక్కటియే: నిలిచి, చేతులను చక్రమువలె త్రిప్పి, ఆ విసురుతో దుముకుట. చూచుట కందముగానే యుండును. కాని చేతులు చుట్టి వచ్చునంతలో కాలము పోవును. 1967లో అమెరికా దేశపు శిక్షకుడు ఎరిక్ హానౌవర్ క్రొత్త పద్ధతి నొకదానిని ప్రచారములోనికి తెచ్చెను. నడుము వంచి దిమ్మ ముందంచును రెండు చేతులతో పట్టుకొని యుండుట. సంజ్ఞ కాగానే చేతులతో అంచును లాగి శరీరమును ముందునకు ఒరిగించి, కాళ్లతో నెట్టుట. దీనికి గ్రాబ్ స్టార్టు అని పేరు. ఈ పద్ధతిలో విసురు తక్కువ. కాని వృథా యగు కాలమును తక్కువ. పిమ్మట పరుగుపందెగాండ్రను చూచి, ఒక పాదము ముందంచునను మఱియొకటి వెనుకను ఉంచి దూకు పద్ధతి వచ్చినది. అది ట్రాక్ స్టార్టు. రెండు పాదములు ప్రక్కప్రక్కన ఉంచి వంగినప్పటికంటె ముందు వెనుకలుగా నుంచినప్పుడు నిలుకడ యెక్కువని నూతినుండి చేద తోడినవారికి వేఱుగా చెప్పనక్కరలేదు.

అటుపిమ్మట దిమ్మయే మాఱినది. వెనుకభాగమున ఏటవాలుగా నొక పలకను బిగించిరి. వెనుక పాదమును దానికి తన్నిపెట్టి నెట్టినచో బలము క్రిందికి పోక ముందునకు పోవును. అందఱి కాళ్లు నొకే పొడవుండవు గనుక ఆ పలకను ముందు వెనుకలకు జరుపుకొనుటకును వీలు గల్పించిరి. 2012లో లండను ఒలింపికు క్రీడలలో ఈ దిమ్మలే యుండెను. నే డించుమించుగా పెద్ద పందెములన్నిటను ఈతగాండ్రు దూకు విధ మిదియే. మా అమ్మడు నేర్చుకొన్న కొలనులోని దిమ్మలకు పలక లేదు. అది ట్రాక్ పద్ధతినే నేర్చినది. ఎడమకాలు ముందుండవలెనా కుడికాలు ముందుండవలెనా యని తెలిసికొనుటకు శిక్షకురాలు చేసినపని చూచి నవ్వు వచ్చినది. పిల్లను నిలువబెట్టి, తెలియకుండ వీపున మెల్లగా త్రోసినది. ముందునకు పడిన కాలే ముందుకాలు!

వెల్లకిల యీతకు మాత్రము దిమ్మ యెక్కరు. నీటిలోనే యుండి, దిమ్మకు అమర్చిన పిడులను పట్టుకొని, పాదములను గోడ కానించి, సంజ్ఞ కాగానే వెనుకకు విల్లువలె వంగి లేతురు. అంగవైకల్యము గలవారి పందెములలో దిమ్మపై నిలువలేనివారు కూర్చుండియైనను, నీటిలో నుండియైనను మొదలుపెట్టవచ్చును. మేని కనుకూలమైన యారంభమును నిబంధనలే యొప్పుకొన్న తావు లోకమున నెన్ని యున్నవి?

నీటిలోనికి పోవునప్పుడు చేతులు తెఱచిన రంధ్రముననే తల, తల పోయిన రంధ్రముననే నడుము, పాదములును పోవలెనని శిక్షకురాలు పదేపదే చెప్పెడిది. సూది పోయిన దారినే దారము పోయినట్లనుకొనుడు. నీరు గాలికంటె ఇంచుమించు ఎనిమిదివందల రెట్లు సాంద్రమైనది. అందులో చేతితో లాగి ముందునకు పోవుటకంటె గాలిలోనుండి వచ్చిన వేగమే యెక్కువ. అనగా పందెమంతటిలో ఈతకత్తె మిక్కిలి వేగముగా పోవు క్షణము దూకి నీటిని తాకిన క్షణమే. ఆపైన ఎంత యీదినను ఆ వేగము రాదు. కావున ఆ వేగమును పోగొట్టుకొనకుండ, చేతులు కదపక, రెండు కాళ్లను జోడించి చేపతోకవలె ఆడించుచు నీటిలోపలనే కొంతదూరము పోవుదురు. 1988లో సియోలు క్రీడలందు డేవిడ్ బెర్కాఫ్ అను అమెరికను యువకుడు వెల్లకిల యీతలో కొలనులో సగమునకు పైగా నీటి లోపలనే పోయి లోకమును విస్మయపఱచెను. కడపటి పందెమున మాత్రము జపాను దేశపు దైచి సుజుకి గెలిచెను. పిమ్మట ఈ విధమునకు హద్దు పెట్టిరి. వెల్లకిల యీత, సీతాకోకచిలుక యీత, ఫ్రీస్టైలు అను మూడింటను 15 మీటరులలోపల తల పైకి తేవలెను.

ఇన్ని చెప్పితిమి గాని, మాకు వీనియన్నిటికంటె మనసున నాటినది దూకుటకు ముందటి నిశ్చలత. రిఫరీ చిన్న యీలలు వరుసగా వేయును, పైబట్టలు తీయవలెను. పొడుగైన యీల వేయును, దిమ్మ యెక్కవలెను. “టేక్ యువర్ మార్క్స్” అని స్టార్టరు పలుకును. కనీస మొక పాదమైనను దిమ్మ ముందంచున నుంచి వంగవలెను. వంగి కదలక యుండవలెను. అందఱును కదలక నిలిచినపిదపనే సంజ్ఞ. దూరపు వరుసలోని వారికి చప్పుడు ఆలస్యముగా చేరకుండుటకై పెద్ద పందెములలో ప్రతి దిమ్మకడను స్పీకరు నమర్తురు. సంజ్ఞకు ముందు కదలి దూకినవారికి పందెము లేదు. రెండవ అవకాశము నేటి నియమములలో లేదు.

ఈ నియమము వలన 2000లో సిడ్నీ క్రీడలలో నొక విచిత్రము జరిగినది. నూఱు మీటరుల యొక వరుసకు ముగ్గురే యుండిరి. అందిద్దఱు తొందరపడి సంజ్ఞకు ముందే నీటిలో పడి తొలగింపబడిరి. మిగిలిన యొక్కడు ఈక్వెటోరియల్ గినీ దేశపు ఎరిక్ ముసంబానీ. కొన్ని నెలల క్రిందటనే యీత మొదలుపెట్టినవాడు. అతడొక్కడే దూకి, కడపటి మీటరులలో మునుగునేమో యని చూచువారు భయపడునట్లు ఈది, 1 నిమిషము 52.72 సెకండులకు గోడ ముట్టెను. సభ యంతయు లేచి చప్పట్లు కొట్టినది. ఈ కథ చెప్పినప్పుడు అమ్మడు, “పెద్దమ్మా, అతను బాగా దూకి కాదు కదా గెలిచాడు, కదలకుండా ఉండి గెలిచాడు” అన్నది. పసిదాని నోట వచ్చినను తూచదగిన మాటయే.

కదలకుండ నుండుట మన యాడువారికి తరతరములుగా నేర్పిన విద్యయే గదా! నేర్పనిది సంజ్ఞ వినబడినపిదప దూకుట. ఒక్క మన దేశమున ననుకొనరాదు. 1912లో స్టాక్‌హోమునందు ఒలింపికు క్రీడలలో స్త్రీల ఈతపందెములు మొదటిమాఱు పెట్టినప్పుడు ఆస్ట్రేలియా దేశపు ఫానీ డురాక్ నూఱు మీటరుల పందెము గెలిచినది. కాని ఆమె యచ్చటికి పోవుటకే యడ్డు వచ్చినది. పురుషులు చూచుచున్న చోట స్త్రీలు పందెమున ఈదరాదని నిబంధన పెట్టినది ఆమె రాష్ట్రపు స్త్రీల ఈతసంఘమే! ప్రజలు పట్టుపట్టగా దానిని సడలించి ఆమెను పంపిరి. ఆ సంఘమువారు దుర్మార్గులు గారు. మా వీధి తల్లులవలె ఆడపిల్లలకు కీడు రాకూడదని తలచినవారే. మేలు కోరి కట్టిన కట్టుగూడ ఒక్కొక్కప్పుడు కాలికి బంధమగునని మే మిందుండి తెలిసికొంటిమి.

మన దేశమున 1952లో హెల్సింకి క్రీడలకు డాలీ నజీరును, ఆరతీ సాహాయు పోయిరి. ఆరతికి నాటికి పన్నెండవయేడు నిండలేదు. ఆమెయే 1959లో ఇంగ్లీషు ఛానలు నీదిన మొదటి ఆసియా స్త్రీ. 2024 జూలైలో పారిసు క్రీడలందు పదునాలుగేండ్ల బెంగుళూరు బాలిక ధినిధి దేసింగు దిమ్మపై నిలిచినప్పుడు మా యింట నందఱము టెలివిజను ముందే యుంటిమి. మా యమ్మ కన్నడ్డమైనదని శుక్లముల కద్దాలు తుడిచి పెట్టుకొని మఱి చూచినది. ఆ యేటి డిసెంబరు చివరను సామర్లకోటకు చెందిన గోలి శ్యామలగారు ఏబదిరెండేండ్ల వయసున విశాఖపట్టణమునుండి కాకినాడకు సముద్రములో ఈదుట కారంభించి, దినమునకు కొంత చొప్పున నూటయేబది కిలోమీటరు లీది, 2025 జనవరి మొదటివారమున చేరుకొన్నారు. ఆ దారి మా జిల్లా తీరము వెంబడిదే. సముద్రమున దిమ్మ లేదు. ఒడ్డునుండి అలలలోనికి నడచుటయే యారంభము. “ఏబైరెండేళ్లావిడా!” అని మా యమ్మ వార్తాపత్రికను చాలసేపు చేత పట్టుకొని యున్నది. ఆ మాట మా వంక చూచి యన్నదని మే మప్పుడు గ్రహింపలేదు.

2025 ఆరంభమున అమ్మడు బాలికల పందెమొకదానికి పోవలసివచ్చినది. ఈమాఱు మా యమ్మయు వత్తుననినది. గ్యాలరీ మెట్లపై నూలుచీరను భుజముచుట్టు కప్పుకొని కూర్చున్నది. ఏబది మీటరుల ఫ్రీస్టైలు. అమ్మడిది ఏడవ వరుస. చిన్న యీలలు వినబడినవి. పొడుగు యీల వినబడినది. ఎనమండుగురు పిల్లలు దిమ్మ లెక్కిరి. అమ్మ చేయి వచ్చి మా మణికట్టును పట్టుకొన్నది. ఏబది యేండ్ల క్రిందట నూతిగట్టున పట్టిన పట్టే యది. ముసలితనమున బలము తగ్గినదే గాని పట్టు మాఱలేదు.

స్టార్టరు పలికినాడు. పిల్లలు వంగిరి. అమ్మడి వెనుక కాలు వణకుట మాకు కనబడుచున్నది. వణకినను ముందునకు ఒరగలేదు. కొలనంతయు నిశ్శబ్దము. సంజ్ఞ! అమ్మ మా చేయి వదలి రెండు చేతులను నోటి కడ్డము పెట్టుకొన్నది. అమ్మడి గడ్డము ఱొమ్మున నున్నది. చేతులు చెవుల కంటియున్నవి. నీరు చఱచిన చప్పుడు లేదు. ఒక్క చిన్న తుంపర లేచినది. పిల్ల కనబడలేదు. అట్లు కనబడకుండిన ఆ రెండు మూడు సెకండులలో మా యమ్మ మనసు ఏ రేవునకు పోయినదో మే మెఱుగుదుము. మా మనసును అచ్చటికే పోయినది. తరువాత నల్లని టోపీ యొకటి నీటిపైకి తేలి, చేయి లేచినది.

అమ్మడు ఆఱవదిగా వచ్చినది. బహుమతి లేదు. గట్టెక్కి పరుగున వచ్చి, “అమ్మమ్మా, నా దూకు చూశావా?” అన్నది. మా యమ్మ తాను కుట్టిన తువాలుతో దాని తల తుడుచుచు, “చూశానే తల్లీ. పైకి రావడం కూడా చూశాను” అన్నది. పిదప చాలసేపటికి మా వంక తిరిగి, “ఆ పిల్లకి కూడా నేర్పాల్సిందే. మనకి తోచలేదు” అన్నది. ఏ పిల్లకో మేమడుగలేదు.

తరువాతి కథ చెప్పుట కించుక సిగ్గుగా నున్నది, అయినను దాచము. అదే వేసవిలో ఆ కొలనునందే స్త్రీలకు ప్రత్యేకముగా నేర్పు గంటలో మేమును చేరితిమి. వయసు అఱువది దాటినది. నెలన్నరకు తేలుట వచ్చినది. ఒకనాడు శిక్షకురాలు మమ్ము లోతువైపు గట్టుపై కూర్చుండబెట్టి, చేతులు చెవుల కంటించి, గడ్డము వంచుమన్నది. అమ్మడు ప్రక్కన నీటిలో తేలుచు, “ఇంతే పెద్దమ్మా, దూకొద్దు, జారు” అని పాఠము చెప్పినది. తల యెత్తవలెనని మేనంతయు కేక పెట్టినది. ఎత్తలేదు. నీరు చెవులలో మ్రోగినది, పచ్చని వెలుతురు కనబడినది, పైకి వచ్చితిమి. అంతే. దానిని దూకనుటకు వీలులేదు గాని, నూతిగట్టున నాడు మధ్యలో ఆగిన యడుగు ఆనాటితో పూర్తియైనదని మాకు తోచినది.

సోదరీమణులారా! అందఱు పిల్లలును పందెములు గెలువవలెనని మా యభిప్రాయము గాదు. నీరున్న ప్రతి యూరిలోను ఆడపిల్లకు ఈత రావలెను. ఆ యీత లోతు తెలిసిన నీటిలో, తెలిసినవారి యెదుట, మెట్టు వెంట మెట్టుగా నేర్పవలెను. మీ పిల్ల దిమ్మ యెక్కి దిగివచ్చినచో గేలి చేయకుడు, వెనుకనుండి త్రోయకుడు. గట్టుపై కూర్చుండబెట్టి జాఱుటనుండి మొదలుపెట్టించుడు. కదలక నిలుచుట మన యిండ్లలో నేర్పక యే వచ్చును. సంజ్ఞ వినబడినపుడు పట్టిన చేయి వదలుటయే మనము, తల్లులము, నేర్చుకొనవలసినది. మా యమ్మ ఎనుబదియేండ్లు దాటినపిదప నేర్చినది. మీకంత యాలస్యము కాకుండుగాక యని కోరుచున్నాము.